ఫిల్లెట్ బ్రేజింగ్ తరువాత సీటు ట్యూబు ఒరిగింది, రంధ్రాలు కోలగా మారాయి: మళ్లీ వేడి చేయాలా, చల్లగానే వంచాలా?

ఇత్తడితీగ (హైదరాబాదు) అడిగిన ప్రశ్న

అందరికీ నమస్కారం. స్టీలు గొట్టాలతో ఇంట్లోనే ఒక సైకిల్ ఫ్రేము కడుతున్నాను. లగ్గులు (గొట్టాల చివరలను కలిపే తొడుగులు) వాడటం లేదు. గొట్టాల చివరలను ఒకదానిపై ఒకటి సందు లేకుండా కూర్చునేలా అర్ధచంద్రాకారంగా కోసి, అతుకు చుట్టూ ఇత్తడి తీగను కరిగించి నునుపైన కట్టులా ఫిల్లెట్ కడుతున్నాను (ఫిల్లెట్ బ్రేజింగ్ అంటే ఇదే). టార్చికి ఎల్‌పీజీ, ఆక్సిజన్ వాడుతున్నాను. ముందు త్రికోణం, అంటే సీటు ట్యూబు, టాప్ ట్యూబు (పై గొట్టం), డౌన్ ట్యూబు (కింది వాలు గొట్టం), హెడ్ ట్యూబు (హ్యాండిల్ కింద ముందు ఫోర్కు దూరే గొట్టం), బాటమ్ బ్రాకెట్ షెల్ (పెడళ్ల ఇరుసు ఉండే అడ్డ గొట్టం) అతకడం పూర్తయింది. వెనుక చక్రాన్ని పట్టే చైన్ స్టేలు (కింది గొట్టాలు), సీట్ స్టేలు (పై గొట్టాలు) ఇంకా మొదలుపెట్టలేదు.

గొట్టాలు వేడిశుద్ధి చేయని క్రోమ్-మాలిబ్డినం స్టీలువి, రెనాల్డ్స్ 525 తరహావి. సీటు ట్యూబు బయటి వ్యాసం 28.6 మి.మీ., గోడ కింద 0.9, పైన 0.6 మి.మీ. డౌన్ ట్యూబు వ్యాసం 31.8 మి.మీ., హెడ్ ట్యూబుది 36 మి.మీ., హెడ్ ట్యూబు గోడ 1.1 మి.మీ. షెల్ బీఎస్‌ఏ ప్రమాణపు మరలది, ప్రస్తుతం దాని వెడల్పు 69 మి.మీ.

గట్టిపడిన ఫ్లక్సును (అతికేటప్పుడు లోహాన్ని కాపాడే పూతను) వేడినీళ్లలో నానబెట్టి తీసివేసి, ఫ్రేమును గ్రానైటు సర్ఫేస్ ప్లేట్‌పై (కచ్చితంగా చదునైన కొలత బల్లపై) షెల్ ముఖం ఆనేలా పడుకోబెట్టి కొలిచినప్పుడు మూడు విషయాలు బయటపడ్డాయి. మొదటిది, షెల్ నుంచి 500 మి.మీ. దూరంలో సీటు ట్యూబు మధ్యరేఖ ఎడమవైపుకు 1.8 మి.మీ. ఒరిగి ఉంది. రెండవది, సీటు ట్యూబు పైచివర, టాప్ ట్యూబు అతుకు దగ్గర, లోపలి వ్యాసం ఒక దిశలో 27.4, దానికి లంబంగా 27.1 మి.మీ. చూపుతోంది, అందువల్ల 27.2 సీటు పోస్టు అతుకు దగ్గరికి రాగానే ఆగిపోతోంది. మూడవది, హెడ్ ట్యూబు కింది చివర రంధ్రం కూడా ఇలాగే కోలగా మారింది. పైగా ముందు నుంచి చూస్తే హెడ్ ట్యూబు, సీటు ట్యూబు ఒకదానికొకటి సమాంతరంగా లేవు, కొద్దిగా మెలిక పడినట్టు కనిపిస్తున్నాయి.

అతికేటప్పుడు గొట్టాలన్నీ జిగ్‌లో (వాటిని సరైన స్థానంలో పట్టే చట్రంలో) గట్టిగా బిగించే ఉన్నాయి. జిగ్ నుంచి తీసిన తరువాతనే ఈ తేడాలన్నీ తెలిశాయి. సీటు ట్యూబును తిరిగి కుడికి లాగడానికి అతుకు కుడివైపు మళ్లీ వేడి చేసి కొంచెం ఇత్తడి పోయాలా, లేక చల్లగా ఉన్నప్పుడే బలంతో వంచాలా అన్నది నా ప్రధాన సందేహం. ఈ దశలో ఏ పని ముందు, ఏ పని తరువాత చేయాలో కూడా దయచేసి చెప్పగలరు.

కొలతబల్ల (బర్మింగ్‌హామ్) జవాబు

నమస్కారమండీ. వేడి చేయడం, వంచడం రెండింటినీ ప్రస్తుతానికి పక్కన పెట్టండి. మీరు చెప్పిన 1.8 మి.మీ. ఒరుగులో ఎంత భాగం సీటు ట్యూబుదో, ఎంత భాగం షెల్ ముఖానిదో మీ కొలత చెప్పడం లేదు. షెల్ ముఖం వ్యాసం దాదాపు 40 మి.మీ. ఉంటుంది. ఆ ముఖం ఒక అంచున 0.14 మి.మీ. ఎత్తుగా ఉన్నా, 500 మి.మీ. దూరంలో అది 1.8 మి.మీ. ఒరుగుగా కనిపిస్తుంది. ఒకే షెల్‌పై రెండు పెద్ద ఫిల్లెట్లు కట్టిన తరువాత దాని ముఖం ఆ మాత్రం వంకర పోవడం మామూలే. ఆధారమే వంకరగా ఉన్నప్పుడు దానిపై ఆనించి కొలిచి గొట్టాన్ని వంచితే, సరిగా ఉన్న గొట్టాన్ని చెడగొట్టే ప్రమాదం ఉంది.

కాబట్టి మొదటి పని షెల్ మరలను ట్యాపులతో (మరలు కోసే పనిముట్లతో) శుభ్రం చేయించడం. బీఎస్‌ఏ షెల్‌లో మరల వ్యాసం 1.37 అంగుళాలు, అంగుళానికి 24 మరలు ఉంటాయి. చైను ఉండే కుడివైపువి ఎడమచేతి మరలని మరవకండి. ట్యాపులు రెండు వైపుల నుంచి ఒకే ఇరుసుపై ఒకేసారి దిగే పనిముట్టుతోనే చేయించండి. ఒక్కొక్క వైపు విడిగా తిప్పితే రెండు మరల అక్షాలు కలవవు. ఆ తరువాత అదే అక్షాన్ని ఆధారంగా చేసుకుని రెండు ముఖాలనూ పలుచగా చెక్కించండి. చివరికి కావలసిన వెడల్పు 68 మి.మీ., మీ దగ్గర 69 ఉంది. చైన్ స్టేలు అతికినప్పుడు షెల్ మళ్లీ కదులుతుంది కనుక, ఇప్పుడు వైపుకు 0.2 మి.మీ.కు మించి తీయవద్దు, మిగిలినది చివరి చెక్కుడుకు ఉంచండి. ఆ తరువాత కొలిచిన కొలతలు ఇక్కడ రాయండి.

గొట్టం అసలు ఎందుకు కదులుతుందో కూడా చెబుతాను, ఎందుకంటే దిద్దుబాటు పద్ధతి ఆ కారణం నుంచే వస్తుంది. అతుకు దగ్గర గొట్టంలో ఒక వైపు 20 మి.మీ. పొడవున 650 డిగ్రీలకు వేడెక్కిందనుకుందాం. స్టీలు ఒక్కో డిగ్రీకి తన పొడవులో పది లక్షల వంతులలో సుమారు 12 వంతులు వ్యాకోచిస్తుంది, కనుక ఆ భాగం 0.15 మి.మీ. సాగాలి. చుట్టూ ఉన్న చల్లని లోహం దాన్ని సాగనివ్వదు. వేడికి మెత్తబడిన స్టీలు అప్పుడు ఉన్నచోటనే నలిగి మందమవుతుంది. చల్లారేటప్పుడు అది కుంచించుకుంటుంది గానీ నలిగినది తిరిగి విచ్చుకోదు, అందువల్ల వేడెక్కిన వైపు శాశ్వతంగా పొట్టిదవుతుంది. 0.15లో సగమే మిగిలిపోయిందనుకున్నా, 28.6 మి.మీ. వ్యాసంపై ఆ తేడా 500 మి.మీ. ఎత్తులో 1.3 మి.మీ. ఒరుగు అవుతుంది. ఏ వైపు వేడి ఎక్కువసేపు నిలిచిందో, ఏ వైపు ఇత్తడి ఎక్కువ పడిందో ఆ వైపుకు గొట్టం లాగుతుందన్న మాట వెనుక ఉన్న లెక్క ఇదే. ఎల్‌పీజీ మంట అసిటిలీన్ మంట కంటే మెత్తగా, వెడల్పుగా ఉంటుంది. చేతికి అది అనుకూలమే అయినా, ఎర్రబడే ప్రాంతం కూడా వెడల్పవుతుంది కనుక ఈ ప్రభావం పెరుగుతుంది.

జిగ్ గురించి ఒక్క మాట. జిగ్ గొట్టాన్ని కదలకుండా ఆపుతుంది గానీ, లోపలి నలుగుడును ఆపదు. రెండు చివరలూ బిగించి ఉంటే ఆ నలుగుడు ఇంకా పెరుగుతుంది, జిగ్ విప్పగానే అదంతా బయటకు వస్తుంది. అందుకే ఇక్కడ చాలామంది జిగ్‌లో ప్రతి అతుకుకూ నాలుగు చోట్ల చుక్కలు మాత్రమే పెట్టి, ఫ్రేమును బయటకు తీసి, కొలిచి, తరువాత స్టాండుపై స్వేచ్ఛగా వేలాడుతున్న స్థితిలోనే పూర్తి ఫిల్లెట్ కడతారు. ఒక్కొక్క అతుకూ చల్లారిన తరువాత మళ్లీ కొలుస్తారు. వెనుక త్రికోణానికి మీరూ ఈ పద్ధతికి మారితే మంచిది.

ఇంకొక ప్రశ్న. గొట్టాలను పొడవుకు కోసినప్పుడు చివరల్లో మందంగా ఉన్న భాగం ఎంత మిగిలింది? చివరలు మందంగా, మధ్య పలుచగా ఉండే గొట్టానికి ఆల్ఫ్రెడ్ మిల్వర్డ్ రెనాల్డ్స్ 1897లో ఇదే ఊరిలో పేటెంటు తీసుకున్నది అతుకు దగ్గర ఉండే బలహీనతను దృష్టిలో పెట్టుకునే. మందమైన భాగాన్ని ఎక్కువగా కోసేస్తే వేడి పలుచని గోడలోకి పాకుతుంది, అప్పుడు గొట్టం ఎక్కువ వంగుతుంది. చల్లగా వంచేటప్పుడు ముందుగా నొక్కుపడేదీ అక్కడే.

బాలానగర్ టూల్‌రూమ్ జవాబు

పైవారు చెప్పిన వరుసతో నేను పూర్తిగా ఏకీభవిస్తున్నాను. నేను సైకిళ్లు కట్టేవాడిని కాను గానీ, రంధ్రాలను కొలతకు తేవడం మా రోజువారీ పని, కనుక మీ రెండవ, మూడవ సమస్యల గురించి రాస్తాను.

సీటు ట్యూబులో 0.6 మి.మీ. గోడ ఉన్నచోట అసలు లోపలి వ్యాసం 27.4 మి.మీ. ఉండాలి. ఒక దిశలో ఇప్పటికీ 27.4 ఉండి, లంబ దిశలో 27.1 ఉందంటే గోడ మందం పెరగలేదు, గొట్టం ఆకారం మారింది, చుట్టుకొలత కూడా కొద్దిగా తగ్గింది. ఇటువంటి చోట నేరుగా రీమర్ (రంధ్రాన్ని కచ్చితమైన కొలతకు తొలిచే పనిముట్టు) దించితే, లోపలికి వచ్చిన రెండు వైపులనూ అది తినేస్తుంది, మిగిలిన రెండు వైపులనూ తాకను కూడా తాకదు. రంధ్రం గుండ్రంగా కనిపిస్తుంది గానీ గోడ ఒకచోట పలుచబడి, ఒకచోట అలాగే ఉంటుంది. మీ కొలతల ప్రకారం వైపుకు దాదాపు 0.07 మి.మీ. పోతుంది. 0.6లో అది మరీ ప్రమాదకరం కాదు, కానీ అనవసరంగా పోగొట్టుకోవలసిన లోహమూ కాదు. సీటు పోస్టు బిగించినప్పుడు ఒత్తిడి అంతా పడేది ఈ గోడపైనే.

కాబట్టి ముందు ఆకారాన్ని సరిచేయండి. గొట్టం వ్యాసానికి సరిపోయేలా మధ్యలో తొలిచిన రెండు చెక్కదిమ్మెల నడుమ, పొడవైన వ్యాసం ఉన్న దిశలో, వైస్‌లో కొద్దికొద్దిగా నొక్కండి. ప్రతి నొక్కుడు తరువాత వదిలి కొలవండి. వదలగానే కొంత వెనక్కు వస్తుంది, ఆ వెనక్కు వచ్చే పాళ్లు ఎంతో తెలిసిన తరువాత చేయి కుదురుతుంది. అతుకు పక్కన ఫిల్లెట్ గట్టిగా పట్టుకుని ఉంటుంది కనుక అక్కడ పూర్తిగా గుండ్రం రాదు, 0.1 మి.మీ. లోపు తేడా మిగిలితే చాలు.

ఆ తరువాత బ్లేడ్లు విచ్చుకునే చేతి రీమర్ తీసుకోండి. ఒక్కో దఫా వ్యాసంపై 0.05 మి.మీ.కు మించి పెంచకండి. కటింగ్ ఆయిల్ ధారాళంగా పోయండి. రీమర్‌ను ఎప్పుడూ సవ్యదిశలోనే తిప్పండి, బయటకు తీసేటప్పుడు కూడా అదే దిశలో తిప్పుతూ లాగండి. వెనక్కు తిప్పితే రజను బ్లేడు వెనుక ఇరుక్కుని గోడపై గీతలు పడతాయి, బ్లేడు అంచు కూడా పోతుంది. పోస్టు ఎంత లోతు దిగాలో అంతకంటే కొంచెం కిందికి రీమర్ వెళ్లాలి. పోస్టును బిగించేందుకు వెనుక చీలిక కోయడం రీమింగ్ తరువాతనే చేయాలి, చీలిక ఉన్న గొట్టంలో రీమర్ ఒక పక్కకు తన్నుకుపోతుంది. పైగా సీట్ స్టేలు అతికినప్పుడు ఇదే చోట మళ్లీ వేడి తగులుతుంది, కనుక ఇప్పుడు పోస్టు కొంచెం బిగువుగా దిగే వరకు మాత్రమే తీసి, చివరి దఫాను అప్పటికి వదిలేయండి.

హెడ్ ట్యూబుది వేరే సంగతి. అక్కడ గోడ 1.1 మి.మీ., అసలు రంధ్రం 33.8 మి.మీ., కనుక రీమర్‌కు కావలసిన లోహం ఉంది. హెడ్‌సెట్ కప్పు (హ్యాండిల్ తిరిగే బేరింగు కూర్చునే గిన్నె) బయటి కొలత కన్నా రంధ్రం 0.1 నుంచి 0.2 మి.మీ. వరకు తక్కువగా ఉండాలి. అంతకంటే బిగువైతే కప్పు దించేటప్పుడు గొట్టం చివర బూరలా విచ్చుకుంటుంది, వదులైతే రోడ్డు అదుర్లకు కప్పు లోపల కదిలి రంధ్రాన్ని ఇంకా తినేస్తుంది. టాప్ ట్యూబు, డౌన్ ట్యూబు రెండూ వెనుక వైపే అతుకుతాయి కనుక హెడ్ ట్యూబు వెనుకభాగం పొట్టిదై, రెండు చివరలూ కొద్దిగా వెనక్కు వంగుతాయి. అందువల్ల పైరంధ్రం, కింది రంధ్రం ఒకే అక్షంపై ఉండవు. ఇది కేవలం కోలతనం కంటే ముఖ్యమైన లోపం. రెండవ చివర నుంచి కోనుతో దారి చూపించుకుంటూ తిరిగే హెడ్ ట్యూబు రీమర్ ఉంటే అది రంధ్రాన్నీ ముఖాన్నీ కలిపి సరిచేస్తుంది. ఆ పనిముట్టు దొరకకపోతే, మంచి టూల్‌రూమ్‌లో మిల్లింగ్ మెషిన్ బల్లపై హెడ్ ట్యూబును వీ-బ్లాకుల్లో పట్టి, బోరింగ్ హెడ్‌తో రెండు చివరలనూ తీయించవచ్చు. ఫ్రేమును తిప్పి పట్టినప్పుడు అక్షం మారకుండా డయల్ గేజ్‌తో సరిచూడమని పనివారికి ముందే చెప్పండి. అయితే ఈ పని మెలిక సరిచేసిన తరువాతనే చేయించండి.

ఇత్తడితీగ (హైదరాబాదు) తిరిగి రాసినది

ఇద్దరికీ కృతజ్ఞతలు. దిగుమతి సైకిళ్లకు మరమ్మతు చేసే ఒక దుకాణంలో షెల్ మరలు శుభ్రం చేయించి, రెండు ముఖాలూ పలుచగా చెక్కించాను. ఎడమ ముఖంపై చెక్కుడు మొదట ఒక పక్క మాత్రమే తాకింది, అంటే ముఖం నిజంగానే వంకరగా ఉంది. ఇప్పుడు కొలిస్తే సీటు ట్యూబు 500 మి.మీ. దగ్గర ఎడమకు 0.6 మి.మీ. మాత్రమే ఒరిగి ఉంది.

మెలిక మాత్రం అలాగే ఉంది. హెడ్ ట్యూబులో రెండు చివరలా బుష్షులు పెట్టి వాటి గుండా నిటారైన స్టీలు కడ్డీ దూర్చాను. సర్ఫేస్ ప్లేట్ నుంచి కడ్డీ ఎత్తును 400 మి.మీ. దూరంలో ఉన్న రెండు చోట్ల కొలిస్తే 3 మి.మీ. తేడా వస్తోంది, అంటే దాదాపు 0.4 డిగ్రీలు. డౌన్ ట్యూబులో మందమైన భాగం రెండు చివరలా ఫిల్లెట్ అంచు దాటి 30 మి.మీ.కు పైగా మిగిలే ఉంది. టాప్ ట్యూబులో సీటు ట్యూబు వైపు కొంచెం తక్కువ.

కొలతబల్ల గారూ, ఈ 0.6 మి.మీ.ని దిద్దాలా, వదిలేయాలా? మెలికకు ఏం చేయాలి?

ఎర్రవేడి (విశాఖపట్నం) జవాబు

ఓడల నిర్మాణంలో ప్లేట్లను మంటతో సరిచేసే పనిలో నా ఉద్యోగ జీవితం గడిచింది, కనుక వేడితో దిద్దడం గురించి నాకు తెలిసినంత చెబుతాను. వెల్డింగ్ వల్ల ఉబ్బిన డెక్కు ప్లేట్లను సుత్తితో కొట్టి కాదు, ఉబ్బిన వైపు గీతలుగా, చుక్కలుగా వేడి చేసి చదును చేస్తారు. కొలతబల్ల గారు రాసిన నలుగుడే అక్కడ మనకు పనిచేసి పెడుతుంది. వంపుకు బయటి వైపు, అంటే పొడవుగా సాగి ఉన్న వైపు వేడి చేస్తే, ఆ వైపు కుంచించుకుని వంపును వెనక్కు లాగుతుంది.

మీ సీటు ట్యూబు ఎడమకు ఒరిగింది కనుక పొడవైన వైపు కుడివైపు. షెల్‌తో కలిసే చోట, కుడివైపు, మందమైన లోహంపై చిన్న చుక్కను మసక ఎరుపు వచ్చే వరకు వేడి చేసి గాలికి చల్లారనిస్తే గొట్టం కొంత కుడికి వస్తుంది. ఇందులో కొత్తగా ఇత్తడి పోయవలసిన పని లేదు, పోయకూడదు కూడా. మసక ఎరుపు అంటే 600 నుంచి 650 డిగ్రీలు. మీ ఇత్తడి తీగ కరిగేది 870, 890 డిగ్రీల మధ్య, కనుక అతుకుకు ఏమీ కాదు. అదే వెండి టంకంతో అతికిన ఫ్రేమైతే ఈ పని అసలు తలపెట్టవద్దు. 56 శాతం వెండి ఉన్న టంకం 618 డిగ్రీల దగ్గరే కరగడం మొదలుపెట్టి 652కు పూర్తిగా ద్రవమవుతుంది, కాబట్టి గొట్టం వంపు తీరకముందే అతుకు కదిలిపోతుంది.

రంగును ఎండలో అంచనా వేయకండి, నీడలో, వీలైతే చీకటి మూలలో చూడండి. ఎండలో మసక ఎరుపు కనిపించదు, కనిపించే సరికి వేడి హద్దు దాటిపోతుంది. ఓడ ప్లేట్లపై వేడి గీత వెనుకే నీళ్లు పోస్తాం, ఎందుకంటే అది కార్బన్ తక్కువగా ఉండే మెత్తని స్టీలు. క్రోమ్-మాలిబ్డినం గొట్టంపై మాత్రం నీళ్లు పోయకూడదు. 727 డిగ్రీలు దాటి ఉంటే ఆ చోటు గట్టిపడి పెళుసవుతుంది.

గొట్టం మధ్యలోని పలుచని భాగాన్ని ఎప్పుడూ ఇలా వేడి చేయకండి, అది వంగడానికి బదులు లోపలికి నొక్కుకుపోతుంది. నేను చెప్పినదంతా ఒరుగుకు మాత్రమే వర్తిస్తుంది. మెలికను మంటతో తీయడం ఇంత సన్నని గొట్టాలపై నేను సిఫారసు చేయను.

కొలతబల్ల (బర్మింగ్‌హామ్) జవాబు

ఎర్రవేడి గారు సూత్రాన్ని చాలా స్పష్టంగా చెప్పారు. షెల్ లాంటి మందమైన చోట, ఇత్తడి అతుకుపై, ఆ పద్ధతి పనిచేస్తుందనడంలో నాకు సందేహం లేదు. అయినా ఈ ఫ్రేముపై దాన్ని వాడవద్దనే నా అభిప్రాయం. 500 మి.మీ. దగ్గర 0.6 మి.మీ. ఒరుగు అంటే 0.07 డిగ్రీలు. చైన్ స్టేలు అతికేటప్పుడు షెల్ అంతకంటే ఎక్కువే కదలవచ్చు, ఏ వైపు కదులుతుందో ఇప్పుడు చెప్పలేం. ఇంకా రెండు అతుకులు పడబోయే షెల్‌పై ఇంత చిన్న తేడా కోసం అదనంగా మంట పెట్టడం వల్ల వచ్చే మేలు తక్కువ. దాన్ని అలాగే వదిలేసి, చైన్ స్టేలు అయిన తరువాత మళ్లీ కొలవండి.

అతుకును మళ్లీ వేడి చేయాలా అని మీరు మొదట అడిగారు కనుక ఒక విషయం కచ్చితంగా చెప్పాలి. గొట్టాన్ని బలంగా ఒక వైపుకు లాగి పట్టుకుని, అతుకును మళ్లీ కరిగించి, కొత్త స్థానంలో గడ్డకట్టనివ్వడం ఎట్టి పరిస్థితిలోనూ చేయకండి. లాగుడులో ఉన్న వేడి స్టీలుపై ద్రవ ఇత్తడి నిలిస్తే, అది స్టీలు రేణువుల సరిహద్దుల గుండా లోపలికి చొచ్చుకుపోయి పగుళ్లు తెస్తుంది. ఆ పగులు ఫిల్లెట్ కింద దాగి ఉంటుంది. రంగు వేసిన తరువాత ఎన్నో కిలోమీటర్లు నడిచి, ఒకరోజు డౌన్ ట్యూబు షెల్ దగ్గర విడిపోయే వరకు దాని సంగతి తెలియదు. ఈ ఒక్క కారణం చాలు, జిగ్‌లో బలవంతంగా వంచి బిగించిన గొట్టాన్ని అలాగే అతకకూడదనడానికి కూడా.

మెలికను మాత్రం తప్పక తీయాలి. 0.4 డిగ్రీల మెలిక ఉంటే ముందు చక్రం, వెనుక చక్రం ఒకే తలంలో ఉండవు, హ్యాండిల్ వదిలితే సైకిల్ ఒక పక్కకు లాగుతుంది. వేడిశుద్ధి చేయని మీ గొట్టాలను చల్లగా వంచవచ్చు. 1976లో వచ్చిన రెనాల్డ్స్ 753 లాంటి గొట్టాలకు ఈ వీలు లేదు. వాటి బలం ఎంత ఎక్కువంటే, వంచబోతే చాలా దూరం వరకు స్ప్రింగులా తిరిగి వస్తాయి, వంగే హద్దుకు చేరేసరికి పలుచని గోడ నొక్కుకుపోతుంది. గాలికి చల్లారేటప్పుడే గట్టిపడే 853 విషయంలోనూ ఇదే జాగ్రత్త అవసరం.

పద్ధతి ఇది. మందమైన స్టీలు ప్లేటుకు నిలువుగా అతికిన కడ్డీపై షెల్‌ను కూర్చోబెట్టి, పైనుంచి మందమైన వాషరుతో బోల్టు బిగించండి. పట్టు షెల్ ముఖాలపైనే ఉండాలి, గొట్టాలపై ఎక్కడా ఉండకూడదు. సీటు ట్యూబు పైచివర పక్కకు పోకుండా చెక్కదిమ్మెతో ఆనిక ఇవ్వండి. హెడ్ ట్యూబులో మీ దగ్గర ఉన్న బుష్షులు, కడ్డీయే సరిపోతాయి. బుష్షులు రంధ్రంలో వదులు లేకుండా కూర్చోవాలి, లేకపోతే బలమంతా రంధ్రం అంచున పడి దాన్ని ఇంకా కోలగా చేస్తుంది. కడ్డీ రెండు చివరలూ పొడవుగా బయటకు ఉండాలి. ఒక చివరను పైకి, రెండవ చివరను కిందికి ఒకేసారి నెట్టాలి. ఒక్క చివరనే నెడితే మెలిక తీరడానికి బదులు ముందు త్రికోణం మొత్తం పక్కకు వంగుతుంది. ఇద్దరు మనుషులు ఉంటే ఈ పని నిదానంగా సాగుతుంది.

మొదట ఎంత నెట్టినా వదలగానే అంతా యథాస్థితికి వస్తుంది. అప్పుడు కోపంతో ఒక్కసారిగా ఎక్కువ బలం పెట్టకూడదు. ప్రతిసారీ కొద్దిగా పెంచుతూ, వదిలి, కొలుస్తూ పోతే, ఒక స్థాయి దగ్గర కొలత తొలిసారిగా కొంచెం మారుతుంది. ఆ స్థాయిని గుర్తుపెట్టుకుని, అక్కడి నుంచి ఇంకా చిన్న మెట్లతో వెళ్లండి. ప్రతి నెట్టుడు తరువాత డౌన్ ట్యూబు మధ్యభాగాన్ని, టాప్ ట్యూబు వెనుకభాగాన్ని వేళ్లతో తడమండి. టాప్ ట్యూబులో సీటు ట్యూబు వైపు మందం తక్కువ మిగిలిందన్నారు కనుక అక్కడ ఎక్కువ శ్రద్ధ పెట్టండి. చిన్న అల లాంటిది చేతికి తగిలితే వెంటనే ఆపివేయండి, అప్పటికి మిగిలిన మెలికతో సరిపెట్టుకోవడమే మేలు. 400 మి.మీ. దూరంలో తేడా 1 మి.మీ. లోపుకు వస్తే నేనైతే అక్కడితో ఆపుతాను. పని అయిన తరువాత ఫిల్లెట్ అంచులను భూతద్దంతో చుట్టూ చూడండి. స్టీలుకూ ఇత్తడికీ మధ్య వెంట్రుకంత గీత కనిపించినా ఆ అతుకును నమ్మకూడదు.

చైన్ స్టేలకు వచ్చేసరికి, రెండింటికీ చుక్కలు పెట్టిన తరువాత చక్రం పెట్టి చూసి, కుడి ఎడమల మధ్య మారుతూ కొంచెం కొంచెంగా ఫిల్లెట్ కట్టండి. కుడివైపు మొత్తం పూర్తిచేసి ఎడమకు వెళ్లవద్దు. డ్రాపౌట్ల (వెనుక చక్రం ఇరుసు కూర్చునే కొనల) దగ్గర ఇరుసు బిగించి ఉంచకుండా, అవి లోపలికీ బయటికీ కదలగలిగేలా వదిలేయండి. చల్లారిన తరువాత ఒక డ్రాపౌట్ నుంచి హెడ్ ట్యూబు ముందు వైపుగా చుట్టి రెండవ డ్రాపౌట్‌కు దారం బిగించి, దారానికీ సీటు ట్యూబుకూ మధ్య దూరం రెండు వైపులా సమానంగా ఉందో లేదో చూడండి. తేడా ఉంటే స్టేలను చల్లగా వంచడం ముందు త్రికోణాన్ని వంచడం కంటే చాలా తేలిక.

బాలానగర్ టూల్‌రూమ్ జవాబు

ఒక చిన్న చేర్పు. కోలతనం రాకుండా షెల్‌లోనూ హెడ్ ట్యూబులోనూ లోహపు ప్లగ్గులు పెట్టి అతకవచ్చా అని ఒక మిత్రుడు నన్ను విడిగా అడిగారు. ఇత్తడి ఫిల్లెట్ పనిలో అల్యూమినియం ప్లగ్గు పెట్టవద్దు. అల్యూమినియం 660 డిగ్రీలకే కరుగుతుంది, పైగా స్టీలు కంటే దాదాపు రెండింతలు వ్యాకోచించి రంధ్రాన్ని లోపలి నుంచి నెడుతుంది. ఇత్తడి ప్లగ్గు పెడితే వ్యాసం 0.1 మి.మీ. తక్కువగా తిప్పించి, పైన గ్రాఫైట్ పూయండి, లేకపోతే సందులోకి జారిన ఫ్లక్సు, కరిగిన తీగ దాన్ని గొట్టానికి అతికేస్తాయి. ప్లగ్గు వేడిని తాగేస్తుంది కనుక అతుకు ఎర్రబడటానికి ఎక్కువ సేపు పడుతుంది, ఆ అదనపు సమయంలో పక్కనున్న గొట్టమూ వేడెక్కుతుంది. అందుచేత షెల్‌లో పెట్టమని నేను చెప్పను.

ఇత్తడితీగ గారూ, మెలిక తీరిన తరువాత హెడ్ ట్యూబు రంధ్రాలు కొలిచి, రెండు చివరలా రెండేసి లంబ దిశల్లో, అంచు నుంచి 5 మి.మీ., 15 మి.మీ. లోతుల్లో వచ్చిన అంకెలు ఇక్కడ పెట్టండి. కోలతనం పైఅంచునే ఉందో, లోపలి దాకా ఉందో చూస్తే, చేతి రీమర్ చాలునో, మిల్లింగ్ మెషిన్ దాకా వెళ్లాలో చెప్పవచ్చు.